సొంత రైల్వే సైడింగ్‌కి 45 కోట్లా, 110 కోట్లా? ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుందంటే

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: పల్నాడులో ఏటా 10 లక్షల టన్నుల సామర్థ్యం ఉన్న సిమెంట్ ప్లాంట్. స్టేషన్ మూడున్నర కిలోమీటర్ల దూరం. ఇప్పుడు లారీల్లో గూడ్స్ షెడ్‌కి తోలి రేకులు (వరసగా వ్యాగన్లున్న పూర్తి గూడ్స్ బండ్లు) నింపుతున్నారు. సొంత సైడింగ్, అంటే స్టేషన్ నుంచి ప్లాంట్ లోపలికి సొంత రైలు లైను, వేసుకుందామని ఇద్దరు కన్సల్టెంట్లను అడిగితే ఒకరు 45 కోట్లన్నారు, ఇంకొకరు 110 కోట్లన్నారు. ఎవరిని నమ్మాలి?

నా ఉద్యోగ జీవితమంతా సైడింగుల సర్వేలు, డీపీఆర్‌లు (వివరమైన ప్రాజెక్ట్ రిపోర్టులు), నిర్మాణం పనుల్లోనే గడిచింది. ఆ అనుభవంతో చెబుతున్నాను, వాళ్లిద్దరిలో ఎవరూ తప్పు చెప్పి ఉండకపోవచ్చు. 45 కోట్లన్నాయన మీ ప్లాంట్ గేటు దాకా పట్టాలకీ, వాటికి తప్పని కనీస పనులకీ అయ్యేది చెప్పి ఉంటారు. 110 కోట్లన్నాయన స్టేషన్‌లో మార్పులు, మట్టి పని, వంతెనలు, కరెంటు తీగ, ప్లాట్‌ఫాం, లోడింగ్ మిషన్లు అన్నీ కలిపి ఉంటారు. అందుకే ముందు ఇద్దరి అంచనాల్లో ఏవేవి ఉన్నాయో, ఏవి లేవో పక్కపక్కన పెట్టి చూడండి. ఆ తర్వాతే మొత్తాలు పోల్చాలి.

అందరూ మొదట అడిగేది కిలోమీటరుకి ఎంత అని. నిజానికి సైడింగ్ ఖర్చులో తేలిగ్గా తేలే లెక్క అదొక్కటే. మీటరుకు 60 కిలోల పట్టా వాడితే కిలోమీటరు లైనుకి 120 టన్నుల ఉక్కు పడుతుంది. కాంక్రీట్ స్లీపర్లు లైన్‌ని బట్టి ఒకటిన్నర వేలు అటూఇటుగా. కంకర రెండు వేల ఘనపు మీటర్ల దాకా. క్లిప్పులు, రబ్బరు ప్యాడ్లు, వెల్డింగ్, కూలి అన్నీ కలిపితే స్థూలంగా రెండున్నర కోట్లు అనుకోండి. ఉక్కు ధర పెరిగితే మూడు దాటుతుంది. స్టేషన్ నుంచి మీ ప్లాంట్‌కి మూడున్నర కిలోమీటర్లు, లోపల యార్డులో (వ్యాగన్లు నిలబెట్టి నింపే చోట) మూడు లైన్లు, అంతా కలిపి ఏడు కిలోమీటర్ల ట్రాక్ అవుతుంది. అంటే 18 కోట్ల దగ్గర తేలింది. పాయింట్లు, అంటే బండి ఒక లైను నుంచి ఇంకో లైనుకి మారే చోట్లు, అదనం. ఇక్కడి దాకా ఏ కన్సల్టెంట్ చెప్పినా పెద్ద తేడా రాదు. తేడా అంతా దీని తర్వాతే వస్తుంది.

అన్నిటికంటే ముందు మట్టి. రైలు కొండెక్కలేదు, అది అందరికీ తెలుసు. యార్డులో నిలబెట్టిన వ్యాగన్లు వాటంతట అవి దొర్లిపోకూడదు కాబట్టి అక్కడ నేల దాదాపు బల్లపరుపుగా ఉండాలన్న సంగతి మాత్రం చాలామందికి స్ఫురించదు. యార్డు వాలు 1,200 మీటర్లకి ఒక మీటరు మించకుండా ఉంటే మంచిది. 400కి ఒకటి దాటడానికి అసలు ఒప్పుకోరు. మీ ప్లాంట్ సున్నపురాయి గనుల పక్కన మెట్ట మీద ఉండి ఉంటుంది, స్టేషన్ పల్లంలో. సర్వేయర్‌తో లెవెల్స్ తీయిస్తేగానీ అసలు సంగతి బయటపడదు. యార్డు 25 మీటర్ల వెడల్పు, కట్ట ఎత్తు ఐదు మీటర్లు అనుకోండి. రెండు వైపులా వాలుతో కలిపి ఒక్క కిలోమీటరుకే లక్షా 75 వేల ఘనపు మీటర్ల మట్టి కావాలి. తవ్వి, తెచ్చి, పొరలు పొరలుగా రోలర్‌తో అణచడానికి ఘనపు మీటరుకి 300 రూపాయలు వేసుకున్నా ఐదు కోట్ల పైమాటే. అదే ఎత్తు రెండు మీటర్లయితే మూడో వంతుకి దిగుతుంది.

మీ ప్రాంతంలో ఇంకో చిక్కుంది. నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి నోరు తెరుస్తుంది. పక్క పొలంలో ఉంది కదా అని ఆ మట్టితో కట్ట పోయనివ్వరు, పోస్తే నిలవదు కూడా. మంచి గ్రావెల్ మట్టి ఎంత దూరం నుంచి వస్తుందన్నదే మీ బిల్లుని తేలుస్తుంది. పట్టాల కింద బ్లాంకెట్ అని ప్రత్యేకమైన పొర వేయాలి, దానికి కంకర పొడి, మొరం తగిన పాళ్లలో కలపాలి. తక్కువ అంచనా ఇచ్చినాయనని మట్టి ఎక్కడి నుంచి తెస్తారని ఒక్క మాట అడగండి. క్వారీ పేరు, దూరం వెంటనే చెప్పలేకపోతే ఆ అంచనా ఆఫీసులో కూర్చుని వేసిందే.

తర్వాత నీళ్లు, దారులు. మీ చుట్టుపక్కల సాగర్ కుడి కాలువ బ్రాంచీలు, మేజర్లు, పంట కాలువలు అల్లుకుని ఉంటాయి. కాలువ దాటాలంటే ఇరిగేషన్ వాళ్ల అనుమతి కావాలి. కాలువలో పునాది పని ఉంటే నీళ్లు కట్టేసిన నెలల్లోనే చేయగలరు. ఆ అదను తప్పితే మళ్లీ ఏడాది. రోడ్డు దాటాల్సి వస్తే కొత్తగా లెవెల్ క్రాసింగ్ గేటు వస్తుందన్న ఆశ పెట్టుకోవద్దు. ఉన్న గేట్లే తీసేస్తున్నారు. పైనుంచో కిందనుంచో వంతెన కట్టాల్సిందే. పొలాల మధ్య నుంచి కట్ట వేస్తే రైతు ట్రాక్టరు అవతలి చెక్కలోకి వెళ్లే దారి మూసుకుపోతుంది, వాన నీరు ఒకవైపే నిలిచి పైరు మురుగుతుంది. చిన్న అండర్‌పాస్‌లు, సరిపడా తూములు మొదటి ప్లాన్‌లోనే పెట్టండి. అది వాళ్ల న్యాయమైన హక్కు. పైగా తర్వాత కోర్టు స్టే వచ్చి పని ఆగితే అయ్యే నష్టం ముందు ఆ తూములు అసలు ఖర్చే కాదు.

ఇక స్టేషన్. సైడింగ్ ఖర్చు నిజంగా తేలేది మీ ప్లాంట్ దగ్గర కంటే అక్కడే ఎక్కువ. మీ లైన్ నేరుగా మెయిన్ లైన్లోకి కలవదు. స్టేషన్లో ఒక లూప్‌లోకి (మెయిన్ లైన్ పక్కన బండ్లు ఆపే లైనులోకి) వచ్చి అక్కడి నుంచి మెయిన్ లైన్‌కి వెళ్తుంది. మీ వ్యాగన్ పొరపాటున దొర్లినా ప్రయాణికుల బండి దారిలోకి రాకుండా దాన్ని ముందే పట్టాల నుంచి దింపేసే డీరెయిలింగ్ స్విచ్ లాంటి ఏర్పాటు ఉండాలి. కొత్త పాయింట్లు, కొత్త సిగ్నళ్లు వస్తే పాయింట్లనీ సిగ్నళ్లనీ ఒకదానికొకటి ముడిపెట్టి నడిపే ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ మార్చాలి. ఉన్న వ్యవస్థలో చోటుంటే కొద్దిలో తేలుతుంది, లేకపోతే స్టేషన్ మొత్తానికీ కొత్తది పెట్టాల్సి వస్తుంది, అప్పుడు సిగ్నల్ పని ఒక్కటే పది కోట్లు దాటిపోవచ్చు. రేకు పొడవు ఇంజిన్, బ్రేక్ వ్యాన్‌తో కలిపి సుమారు 700 మీటర్లు. స్టేషన్ లూప్ పొట్టిగా ఉంటే దాన్ని పొడిగించాలి. స్టేషన్ నుంచి కాకుండా రెండు స్టేషన్ల మధ్య నుంచి లైన్ తీస్తే దూరం తగ్గుతుందని కొందరికి అనిపిస్తుంది. అలా తీస్తే అక్కడ బండ్ల రాకపోకలు చూసుకునే చిన్న క్యాబిన్, అంటే కొత్త బ్లాక్ హట్, కట్టాలి, దానికి సిబ్బంది కావాలి. తగ్గిన రెండు కిలోమీటర్ల పట్టాల మీద మిగిలింది అక్కడే ఖర్చయిపోతుంది.

మీ లైన్ విషయంలో మరీ ముఖ్యమైంది ఒకటుంది. గుంటూరు–బీబీనగర్ డబ్లింగ్‌కి (పక్కన రెండో లైన్ వేయడానికి) 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం ఇచ్చింది. మీ స్టేషన్ ఆ లైన్ మీద ఉంటే రెండో లైన్ మీ వైపు వస్తుందా, అవతలి వైపు వస్తుందా అన్నది డివిజన్ ఆఫీసులో కాగితం చూసి తెలుసుకోండి. మీ వైపే వచ్చేటట్లయితే మీ లైన్ కలిసే చోటు, కట్ట, సిగ్నల్ కేబుళ్లు అన్నీ దానికి చోటు వదిలి వేయాలి. ఇది చూడకుండా కట్టేసి, తర్వాత సొంత ఖర్చుతో మొత్తం జరుపుకున్న కంపెనీలున్నాయి. అవతలి వైపు వచ్చినా ఒక తలనొప్పి ఉంది. రెండో లైన్ మీద వెళ్లే మీ రేకు మొదటి లైన్ని అడ్డంగా దాటాలి, అది దాటేంతసేపూ అటు బండ్లు ఆగాలి. రద్దీ బాగా ఉన్న సెక్షన్లలో ఇదే కారణం మీద పట్టాల మీదుగా పట్టాల వంతెన కట్టమంటారు. అది వచ్చిందంటే 110 కోట్లు కూడా చాలవు.

సెక్షన్‌లో కరెంటు ఇంజిన్లే నడుస్తాయి కాబట్టి మీ లైన్ మీదా 25 వేల వోల్టుల తీగ కావాలి. సిమెంట్ బస్తాలు వ్యాగన్ పక్క తలుపుల్లోంచి ఎక్కుతాయి కాబట్టి వాటికి పెద్ద ఇబ్బంది లేదు. మీ బట్టీకి రైల్లో వచ్చే బొగ్గు అలా కాదు. పై నుంచి జేసీబీ తొట్టి పెట్టి దింపే చోట తీగ ఉండకూడదు. బొగ్గు లైనుకి తీగ లేకుండా వదిలి, ఇంజిన్ వెనక నుంచి రేకుని నెట్టేలా ప్లాన్ చేస్తారు. దానికి లైన్ పొడవు కొంచెం పెరుగుతుంది. ఇది డ్రాయింగ్ దశలోనే తేల్చుకోవాలి.

భూమి గురించి రెండు మాటలు. రేకు నిలబడి, రెండు చివర్లా పాయింట్లు పెట్టి, ఇంజిన్ తిరగడానికి చోటుండాలంటే తిన్నగా ఒకటింపావు నుంచి ఒకటిన్నర కిలోమీటర్ల పట్టీ కావాలి. 60 మీటర్ల వెడల్పుతో ఒకటిన్నర కిలోమీటర్లంటే 22 ఎకరాలు. అది కూడా ముక్కలుగా కాదు, ఒకే పట్టీగా. నేను చూసిన ఒక ప్లాంట్‌లో మధ్యలో ఉన్న రైతు పొలం ఇవ్వలేదు. ఆ పొలాన్ని తప్పించి లైన్ని వంచారు, వంపు మీదే ప్లాట్‌ఫాం కట్టారు. ఈరోజుకీ ఆ వంపు దగ్గర ప్లాట్‌ఫాం అంచుకీ వ్యాగన్ తలుపుకీ మధ్య చాచిన చేయంత సందు. లోడింగ్ మిషన్ బెల్టు తలుపు దాకా అందదు. హమాలీలు ఇనుప పలక అడ్డం వేసుకుని బస్తా భుజాన పెట్టుకుని దాటుతారు, రాత్రి పూట మరీ భయంగా ఉంటుంది. తొమ్మిది గంటల్లో నిండాల్సిన రేకు పద్నాలుగు గంటలు పడుతుంది. గడువు దాటితే రైల్వే వేసే డెమరేజ్ వ్యాగన్‌కి గంటకి 150 రూపాయల లెక్కన చూసినా 58 వ్యాగన్ల రేకుకి గంటకి 8,700. ఐదు గంటలు ఆలస్యమైతే 43,500, అదీ ప్రతి రేకుకీ. కాబట్టి లోడింగ్ లైన్ తిన్నగా ఉండాలన్న విషయంలో ఎవరు ఎంత చెప్పినా రాజీ పడొద్దు. అసైన్డ్ భూములు మధ్యలో ఉన్నాయేమో కూడా రికార్డులు చూపించుకోండి, వాటిని మామూలుగా కొనేయడం కుదరదు.

ప్లాంట్ లోపలి ఖర్చుని చాలామంది సైడింగ్ ఖర్చులో కలపరు. కలపాలి. ఒక సిమెంట్ రేకులో సుమారు 75 వేల బస్తాలు ఎక్కుతాయి. తొమ్మిది గంటల్లో అన్ని బస్తాలు ఎక్కాలంటే ప్యాకింగ్ ప్లాంట్ ఆ వేగంతో పనిచేయాలి, లేదా ముందే ప్లాట్‌ఫాం మీద నింపి పెట్టుకోవాలి. దానికి కప్పున్న 700 మీటర్ల ప్లాట్‌ఫాం, బెల్టులు, లోడింగ్ మిషన్లు, లైట్లు, హమాలీలకి మంచినీళ్లు, విశ్రాంతి గది కావాలి. రేకు పగలే వస్తుందని గ్యారంటీ లేదు, అర్ధరాత్రి రెండింటికి పెట్టినా గడియారం అప్పటి నుంచే తిరుగుతుంది. వేబ్రిడ్జి కూడా కావాలి. ఇవన్నీ కలిపి 20 కోట్లు తేలిగ్గా దాటుతాయి.

ఇక రైల్వే వైపు నుంచి వచ్చే ఊరట. 2021 డిసెంబరులో గతిశక్తి కార్గో టెర్మినల్ పాలసీ వచ్చింది, మన వాళ్లంతా జీసీటీ అంటున్నది దాన్నే. పాత ప్రైవేట్ సైడింగ్ పద్ధతిలో డిపార్ట్‌మెంటల్ చార్జీలు కట్టాలి, కమర్షియల్ సిబ్బంది జీతాలు మనమే భరించాలి, లైన్ కలపడానికి వాడిన రైల్వే స్థలానికి లైసెన్స్ ఫీజు కట్టాలి. జీసీటీలో ఈ మూడూ లేవు. సర్వింగ్ స్టేషన్లో, అంటే మీ లైన్ కలిసే స్టేషన్లో, అందరికీ పనికొచ్చే సౌకర్యాలను రైల్వేయే తన ఖర్చుతో కడుతుంది. యార్డు, లోడింగ్ లైన్లు తప్ప మిగిలిన ట్రాక్, సిగ్నల్, తీగల మెయింటెనెన్స్ కూడా వాళ్లదే. ఒకవేళ టెర్మినల్‌కే రైల్వే భూమి తీసుకుంటే, 2022 సెప్టెంబరు నిర్ణయం ప్రకారం లీజు 35 ఏళ్ల దాకా, ఫీజు మార్కెట్ విలువలో ఏటా ఒకటిన్నర శాతం. మీ ఇద్దరు కన్సల్టెంట్లలో ఒకరు పాత పద్ధతిలో, ఇంకొకరు జీసీటీ కింద లెక్క వేసి ఉంటే అక్కడే కొన్ని కోట్ల తేడా వచ్చి ఉంటుంది. నా సలహా అయితే జీసీటీకే వెళ్లండి.

ఇప్పుడు అసలు లెక్కకి వద్దాం. ఎన్ని కోట్లవుతుందన్న దానికంటే ఎన్ని టన్నులు ఆ కోట్లని మోస్తాయన్నది ముందు తేలాలి. సైడింగ్ వేసినంత మాత్రాన రైలు కిరాయి తగ్గదు. తగ్గేది ప్లాంట్ నుంచి గూడ్స్ షెడ్ దాకా లారీ కిరాయి, రెండుసార్లు ఎత్తి దించే కూలి, చినిగిన బస్తాల నష్టం, సరుకు గడువు దాటి షెడ్‌లో ఉంటే పడే వార్ఫేజ్. ఇవన్నీ కలిపి టన్నుకి 250 రూపాయలు మిగులుతాయని అనుకుందాం. మీ బిల్లులు తీసి అసలు అంకె మీరే వేసుకోండి. సైడింగ్ మొత్తం 80 కోట్లు, వడ్డీ 10 శాతం, 20 ఏళ్లలో తీర్చేలా అనుకుంటే ఏటా 9 కోట్ల 40 లక్షలు కట్టాలి. యార్డు మెయింటెనెన్స్, మీ మనుషులకి ఇంకో కోటీ 60 లక్షలు. ఏడాదికి 11 కోట్లు. టన్నుకి 250 చొప్పున అది రావాలంటే 4 లక్షల 40 వేల టన్నులు ఆ సైడింగ్ మీద నడవాలి. 3 లక్షల టన్నులే నడిస్తే టన్నుకి 367 రూపాయల భారం పడుతుంది, అప్పుడు ఇప్పటి గూడ్స్ షెడ్డే నయం. 6 లక్షలు నడిస్తే 183కి దిగుతుంది, లాభం కనబడుతుంది.

మీ ప్లాంట్ 10 లక్షల టన్నులు చేస్తుంది కదా, ఇబ్బందేముందని అనుకోవద్దు. హైదరాబాద్, గుంటూరు, విజయవాడకి వెళ్లే సిమెంట్ ఎప్పటికీ లారీలోనే వెళ్తుంది. డీలరు గోడౌన్ దగ్గరే దిగుతుంది, రెండో ఎత్తుడు దించుడు ఉండదు. రైలెక్కేది కేరళ, తమిళనాడు, ఒడిశా వైపు వెళ్లే సరుకే. అది మీ అమ్మకాల్లో 35 శాతం ఉంటే మూడున్నర లక్షల టన్నులు. బట్టీకి వచ్చే బొగ్గు ఇంకో లక్ష టన్నులు అటూఇటుగా. మొత్తం నాలుగున్నర లక్షలు. అంటే 80 కోట్ల దగ్గర మీరు అంచు మీద ఉన్నారు. 110 అయితే ఒంటరిగా కట్టడం నేనైతే ఒప్పుకోను. 60 లోపు తేలితే ధైర్యంగా ముందుకు వెళ్లమంటాను.

అంచు మీద ఉన్నప్పుడు అంకెల్ని సాగదీసి బ్యాంకుని ఒప్పించడం కంటే సరుకు పెంచుకునే దారి చూడటం మంచిది. జీసీటీలో బయటివాళ్ల సరుకు కూడా తీసుకోవచ్చు. మీ పక్కనే ఇంకో సిమెంట్ ప్లాంట్ ఉంటే ఇద్దరూ కలిసి ఒక కంపెనీ పెట్టి ఒకే టెర్మినల్ కట్టుకోండి. మార్కెట్లో పోటీ ఉన్నా పట్టాల దగ్గర ఉండనక్కర్లేదు. పల్నాడుకి ఎరువుల రేకులు రావాలి, మొక్కజొన్న బయటికి వెళ్లాలి. ఒక లైను పక్కన గోడౌన్ కట్టి ఆ సరుకు పట్టుకున్నా ఏడాదికి 50, 60 వేల టన్నులు కలిసొస్తాయి. అప్పటికే సైడింగ్ ఉన్న పొరుగు ప్లాంట్ ఏదైనా ఉంటే కో-యూజర్‌గా, అంటే వాళ్లతో పాటు, వాడుకోవడానికి రైల్వే అనుమతి ఇస్తుంది. ఇది అన్నిటికంటే చవక, కానీ చాలామంది అడగనే అడగరు.

పోలిక కోసం ఒక పెద్ద ఉదాహరణ. సింగరేణి, రైల్వే కలిసి భద్రాచలం రోడ్ నుంచి సత్తుపల్లికి వేసిన బొగ్గు లైన్ సుమారు 54 కిలోమీటర్లు. ఖర్చు 900 కోట్లు దాటింది, అందులో ఎక్కువ భాగం సింగరేణిదే. అంటే భూమి, వంతెనలు అన్నీ కలిపి కిలోమీటరుకి 17 కోట్ల దగ్గర. అది సైడింగ్ కాదు, పూర్తి స్థాయి కొత్త లైన్. దాన్ని భరించడానికి దశాబ్దాల బొగ్గుంది. కిలోమీటరుకి రెండున్నర కోట్ల పట్టాలు పూర్తయ్యేసరికి ఎంత దూరం వెళ్లగలవో చూడటానికి చెప్పాను.

ఖర్చులో కలపడం మరిచిపోయేది ఇంకొకటుంది, కాలం. ఫీజిబిలిటీ, ఈఎస్పీ (స్కేలు ప్రకారం గీసిన ఇంజినీరింగ్ ప్లాన్), సిగ్నల్ ప్లాన్, డీపీఆర్ ఒక్కో ఆఫీసు దాటుకుంటూ రావాలి. మెయిన్ లైన్‌కి కలిపే ముందు రైల్వే సేఫ్టీ కమిషనర్ అనుమతి కావాలి. పాయింట్లు కలిపే రోజుల్లో స్టేషన్లో బండ్లు తగ్గించి నడపాలి కాబట్టి, ఆ తేదీ మీ చేతిలో ఉండదు. కట్టడానికి రెండేళ్లనుకుంటే, డబ్బు ఒక్కసారే కాక విడతలుగా తీసుకున్నా, 80 కోట్ల మీద ఆ రెండేళ్ల వడ్డీయే 8 కోట్ల దాకా అవుతుంది. బ్యాంకుకిచ్చే ప్రాజెక్ట్ రిపోర్టులో మూడేళ్లు వేసుకోండి.

మీరిప్పుడు చేయాల్సింది ఇది. ఇద్దరిలో ఎవరికీ పూర్తి డీపీఆర్ పని ఇవ్వకండి. ముందు కొద్ది ఖర్చుతో అలైన్‌మెంట్ మొత్తం లెవెల్స్, నాలుగైదు చోట్ల మట్టి పరీక్షలు చేయించండి. డీఆర్ఎం (రైల్వే డివిజన్ మేనేజర్) ఆఫీసులో బండ్లు నడిపే ఆపరేటింగ్ విభాగం వాళ్లని కలిసి, మీ స్టేషన్లో ఏ లూప్‌కి కలపనిస్తారో, రెండో లైన్ ఏ వైపు వస్తుందో అడగండి. అదే వారంలో మీ సేల్స్ వాళ్లతో కూర్చుని గత మూడేళ్లలో 400 కిలోమీటర్ల అవతలికి ఎంత సరుకు వెళ్లిందో నెలవారీగా తీయించండి. ఈ మూడు కాగితాలూ చేతికొచ్చాక ఇక్కడే పెట్టండి, కూర్చుని లెక్క వేద్దాం.